వాయించని మనిషి, వంద వాద్యాలు: సింఫనీలో అతిథి కండక్టర్ పని ఏమిటి?

క్లుప్తంగా: సింఫనీ ఆర్కెస్ట్రాలో, అంటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే పెద్ద వాద్యబృందంలో, ఒక్కో వాద్యకారుడి ముందు తన వంతు సంగీతం మాత్రమే ఉంటుంది. అందరి సంగీతమూ ఒకేచోట కనిపించేది చేతుల కదలికతో బృందాన్ని నడిపే కండక్టర్‌కే. అతిథి కండక్టర్ ఒక బృందంతో గడిపేది సాధారణంగా వారం లోపే, అసలు పని రిహార్సల్స్‌లోనే అయిపోతుంది. మన గోష్ఠిగానానికి ఆ మనిషి ఎందుకు అక్కరలేదో గమనిస్తే సింఫనీకి ఎందుకు కావాలో తెలుస్తుంది. తిరుపతి లాంటి ఊళ్లో అలాంటి సంగీతం వేళ్లూనుకోవాలంటే పేరున్న అతిథి కంటే ముందు స్వరలిపి చూసి వాయించగల పిల్లలు, నెలనెలా జీతం, తగిన హాలు కావాలి.

2025 మార్చి 8న లండన్‌లోని ఈవెంటిమ్ అపోలో వేదిక మీద ఇళయరాజా సింఫనీ వినిపించారు. రాసింది ఇళయరాజా. వాద్యబృందాన్ని నడిపింది మికెల్ టామ్స్ అనే కండక్టర్. ఆ వార్త తెలుగు పత్రికల్లో, టీవీల్లో వచ్చినప్పటి నుంచి చాలామందికి కొన్ని సందేహాలు మిగిలిపోయాయి. రాసినాయన పక్కనే ఉండగా ఇంకొకరు నడపడమేమిటి? చేతిలో సన్నటి పుల్ల పట్టుకుని నిలబడిన మనిషి ఏ వాద్యమూ వాయించడు కదా, మరి చివర్లో చప్పట్లన్నీ ఆయనకేనా? ఆ బృందానికి సొంత కండక్టర్ లేరా? కచేరీలు వినే అలవాటు బలంగా ఉన్న తిరుపతిలో ఈ సందేహాలు మరీ సహజం. ఇక్కడి శ్రోతకు తాళం తెలుసు, శ్రుతి తెలుసు, పక్కవాద్యం తెలుసు. ఆ మూడూ చేయని పని కండక్టర్ ఏం చేస్తున్నారన్నదే చిక్కుముడి.

గోష్ఠికి అక్కరలేనిది ఎందుకు?

త్యాగరాజ ఆరాధనలో పంచరత్న కీర్తనలు పాడే తీరు చూడండి. పదుల మంది గాయకులు, వయొలిన్లు, వేణువులు, మృదంగాలు. నడిపేవారు విడిగా ఎవరూ ఉండరు. అయినా పాట చెదరదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని ఆ ఐదు కృతులూ ఆది తాళమే. అందరూ పాడేది ఒకే వరుస, అందరి చేతులూ వేసేది ఒకే తాళం. ఒకరు గమకం కాస్త ఎక్కువ సాగదీసినా, ఇంకొకరు అర అక్షరం వెనకబడినా వచ్చే ఆవర్తంలో కలిసిపోతారు. ఆ చిన్న తేడాలు వినసొంపుగానే ఉంటాయి.

2009 మే 10న సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో లక్షా అరవై వేల మందికి పైగా కలిసి అన్నమయ్య సప్తగిరి సంకీర్తనలు పాడారు. అంతమందితో అది సాధ్యమైంది కూడా అందరి నోటా ఒకే పాట, అదీ కంఠతా వచ్చిన పాట కాబట్టే.

తిరుమలలో నాద నీరాజనం వేదిక మీద మరో రకం ఏర్పాటు కనిపిస్తుంది. పొరుగూరి నుంచి వచ్చిన గాయకుడికి, పక్కన కూర్చునే వయొలిన్ విద్వాంసుడికి ఒక్కోసారి ఆ సాయంత్రమే పరిచయం. రిహార్సల్ ఉండదు. గాయకుడు రాగం ఎత్తుకుంటే వయొలిన్ వెంట నడుస్తుంది, తనియావర్తనం ఎక్కడ వస్తుందో మృదంగానికి ఒక్క చూపుతో తెలుస్తుంది. ఏళ్ల తరబడి గురువుల దగ్గర నేర్చుకున్న కృతుల జ్ఞాపకంలో, తాళంలో ఆ ఒప్పందం ముందే ఉంది. అతిథి కళాకారులను పిలిచి, స్థానికులతో కలిపి కచేరీ చేయించడం తిరుపతికి కొత్త కాదు. కొత్తగా ఉన్నది సింఫనీలో ఆ ఒప్పందం ఉండే చోటు.

ఎవరి కాగితం వారిది

పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్లు పదహారు, రెండో వయొలిన్లు పధ్నాలుగు, వయోలాలు పన్నెండు, చెల్లోలు పది, డబుల్ బేస్‌లు ఎనిమిది వరకు ఉంటాయి. తీగవాద్యాలే అరవై. వాటి వెనక ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్, హార్న్, ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి ఊదే వాద్యాలు, టింపనీ అనే పెద్ద డ్రమ్ములు. ఒక్కో వర్గం వాయించేది వేరు. మొదటి వయొలిన్ల ముందున్న కాగితంలో హార్న్ ఏం వాయిస్తుందో ఉండదు. హార్న్ కాగితంలో తన స్వరాలు, మధ్యలో ఎన్ని కొలతల (కొన్నేసి మాత్రల చిన్న విభాగాల) పాటు ఊరుకోవాలో చెప్పే అంకెలు, అంతే. అన్ని వరుసలూ ఒకదాని కింద ఒకటి పేర్చి ఉన్న పూర్తి స్కోరు కండక్టర్ ముందు మాత్రమే ఉంటుంది.

బీథోవెన్ ఐదో సింఫనీ నాలుగు భాగాల రచన. అందులో ట్రాంబోన్ వాద్యకారులు మొదటి మూడు భాగాల్లో ఒక్క స్వరం కూడా వాయించరు. ఇరవై నిమిషాలకు పైగా వేదిక మీద కదలకుండా కూర్చుని, నాలుగో భాగం మొదలయ్యే క్షణంలో పూర్తి బలంతో అందుకోవాలి. అక్కడ సగం మాత్ర ఆలస్యమైతే తర్వాతి ఆవర్తంలో సర్దుకునే వీలు లేదు. అసలు ఆవర్తమే లేదు. సంగీతం ముందుకే పోతుంది. పైగా ఒకే క్షణంలో మోగే వేర్వేరు స్వరాలు ఒకదానితో ఒకటి పొసగడం మీదే ఈ సంగీతం నిలబడి ఉంది కాబట్టి చిన్న తేడా కూడా చెవికి గుచ్చుకుంటుంది.

రెండో కారణం శుద్ధమైన భౌతికశాస్త్రం. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ అసలు గుట్టు ఇక్కడే ఉంది. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. వేదిక ఆ చివర ఉన్న టింపనీకీ ఈ చివర ఉన్న వయొలిన్‌కూ మధ్య ఇరవై మీటర్లు ఉంటే ఒకరి మోత ఇంకొకరికి చేరడానికి దాదాపు 58 మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 120 మాత్రల వేగంలో ఒక్కో మాత్ర అర సెకను. ఆ మాత్రలో నాలుగు స్వరాలు పడితే ఒక్కో స్వరానికి 125 మిల్లీసెకన్లు. అంటే చెవిని నమ్ముకుని వాయించే వెనక వరుస మనిషి దాదాపు సగం స్వరం ఆలస్యంగా ఉంటాడు. కండక్టర్ చేతి కదలిక మాత్రం అందరికీ ఒకే క్షణంలో కనిపిస్తుంది. కాబట్టి సింఫనీ వాద్యకారుడు చెవితో శ్రుతి చూసుకుంటాడు, కంటితో కాలం చూసుకుంటాడు. పుల్ల తెల్లగా ఉండటానికి కారణం కూడా అదే, దూరం నుంచి కనబడాలి.

చేతులు చెప్పేది

కుడి చేయి కాలం వేస్తుంది. రెండు, మూడు, నాలుగు మాత్రల కొలతలకు గాలిలో వేర్వేరు గీతలు ఉంటాయి. మొదటి మాత్ర ఎప్పుడూ కిందికే. మన తాళంలో ఘాత కిందికి పడ్డట్టే. ఎడమ చేయి మరో పని చూస్తుంది: ఎవరు ఎప్పుడు అందుకోవాలి, ఎవరు తగ్గాలి, ఎక్కడ స్వరాన్ని నిలపాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది సంగీతం మొదలవకముందు వేసే దెబ్బ. చేయి పైకి లేచే ఆ కదలికలోనే వేగం, బలం, భావం మూడూ చెప్పేయాలి. గాలివాద్యాల వారు సరిగ్గా ఆ కదలికతోనే ఊపిరి తీసుకుంటారు. ఐదో సింఫనీ ఎత్తుగడ కండక్టర్లకు ఎప్పుడూ పరీక్షే. ఆ ప్రసిద్ధమైన నాలుగు స్వరాలకు ముందు చిన్న విరామం రాసి ఉంది. మన పరిభాషలో అది అనాగత గ్రహం: తాళం ముందు పడుతుంది, సంగీతం తర్వాత ఎత్తుకుంటుంది. తాళం వేస్తూ పాడే గాయకుడికి అది చిన్ననాటి నుంచి వచ్చిన విద్య. ఇక్కడ మాత్రం తాళం వేసేది ఒకరు, ఎత్తుకునేది అరవైకి పైగా మంది.

కండక్టర్ అనే మనిషి ఎప్పటి నుంచో ఉన్నారనుకోవడం పొరపాటు. పూర్వం మొదటి వయొలిన్ విద్వాంసుడో, పియానో లాంటి హార్ప్సికార్డ్ ముందు కూర్చున్నవారో తల ఊపి నడిపించేవారు. బృందాలు పెరిగి, రచనలు చిక్కబడ్డాక పందొమ్మిదో శతాబ్దంలో ఈ పని విడిగా స్థిరపడింది. రాసినవారే నడపాలన్న నియమమూ లేదు. 1824 మే 7న వియన్నాలో తొమ్మిదో సింఫనీ మొదటిసారి వినిపించినప్పుడు బీథోవెన్ వేదిక మీదే ఉండి కాలం చూపించారు. అప్పటికి ఆయనకు వినికిడి పోయింది. వాద్యకారులు మాత్రం ముందే అనుకున్న ప్రకారం మైకేల్ ఉమ్లాఫ్ చేతినే చూసి వాయించారు.

అతిథి వారం ఎలా గడుస్తుంది?

అతిథి కండక్టర్ ఊళ్లో దిగేనాటికే పని మొదలై ఉంటుంది. ఎంచుకున్న రచనల కాగితాలు బృందం లైబ్రేరియన్ దగ్గరికి చేరతాయి. ఏ స్వరానికి కమాను పైకి, ఏ స్వరానికి కిందికి అన్న గుర్తులు పెన్సిల్‌తో పడతాయి. ఒక వర్గంలోని కమానులన్నీ ఒకే దిక్కుకు కదిలేది అందుకే. ఇద్దరు వయొలిన్ విద్వాంసులకు ఒక్క స్టాండు. పేజీ తిప్పేది వేదిక లోపలి వైపు కూర్చున్న మనిషి. ఆ క్షణంలో బయటి వైపు మనిషి వాయిస్తూనే ఉంటారు. ఇలాంటి కట్టుబాట్లు బృందంలో స్థిరంగా ఉంటాయి కాబట్టే అతిథి వాటి గురించి ఆలోచించనక్కరలేదు.

సాధారణంగా మూడు నాలుగు రిహార్సల్స్, ఒక్కోటి రెండున్నర నుంచి మూడు గంటలు. కచేరీ రోజున మరోసారి మొత్తం వాయించి చూసుకోవడం. అంత తక్కువ వ్యవధిలో అతిథి ప్రతి స్వరాన్నీ సరిచేయలేరు. ఏవి వదిలేస్తే బృందం తనంతట తాను సర్దుకుంటుందో, ఏవి ఆపి చెప్పాలో తేల్చుకోవడంలోనే నేర్పు ఉంది. మాటలు ఎక్కువైతే వాద్యకారులు విసుగెత్తిపోతారు. మొదటి పది నిమిషాల్లోనే బృందం ఆ మనిషిని అంచనా వేసేస్తుంది. అతిథికీ బృందానికీ మధ్య వారధి కాన్సర్ట్‌మాస్టర్, అంటే మొదటి వయొలిన్ల నాయకుడు. కచేరీకి ముందు ఓబో ఇచ్చే స్వరానికి అందరూ శ్రుతి చేసుకునేటప్పుడు లేచి నిలబడేది ఆయనే.

కచేరీ పూట చేసే పని తక్కువ, ముందు చేసి పెట్టిన పని ఎక్కువ అనడానికి 1943 నవంబర్ 14 మంచి ఉదాహరణ. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌కు అతిథిగా వచ్చిన బ్రూనో వాల్టర్ జబ్బుపడ్డారు. పాతికేళ్ల అసిస్టెంట్ లెనార్డ్ బెర్న్‌స్టైన్ ఒక్క రిహార్సల్ కూడా లేకుండా కార్నెగీ హాల్లో ఆ కచేరీ నడిపి, రాత్రికి రాత్రి పేరు తెచ్చుకున్నారు. ఆయన ప్రతిభను తక్కువ చేయనక్కరలేదు. కానీ ఆ బృందం చేతుల్లో వాల్టర్ చేయించిన సాధన ఉందన్నదీ నిజం.

ఇంటివారు, అతిథులు

సొంత కండక్టర్‌ను మ్యూజిక్ డైరెక్టర్ అంటారు. సినిమా సంగీత దర్శకుడికీ దీనికీ సంబంధం లేదు. ఏటా ఏ రచనలు వాయించాలి, ఖాళీ అయిన కుర్చీలోకి ఎవరిని తీసుకోవాలి, ఏ అతిథులను పిలవాలి అన్నవాటిలో ఆయన మాటకు బరువుంటుంది. అతిథికి ఈ అధికారాలేవీ ఉండవు. ఆ అధికారం ఎంత సున్నితమైనదో 1961లో లాస్ ఏంజెలెస్‌లో తెలిసింది. తనతో చెప్పకుండా యువకుడైన జుబిన్ మెహతాను అసిస్టెంట్‌గా నియమించారని మ్యూజిక్ డైరెక్టర్‌గా ఒప్పుకున్న జార్జ్ సోల్టీ తప్పుకున్నారు. ఆ కుర్చీలో 1962 నుంచి 1978 దాకా కూర్చున్నది ముంబయిలో పుట్టిన మెహతాయే.

మరి అతిథులు ఎందుకు? ఒకే చేతి కింద ఏడాదంతా వాయిస్తే బృందానికి కొన్ని అలవాట్లు గడ్డకడతాయి. కొత్త మనిషి వస్తే వందసార్లు వాయించిన రచనను కూడా మళ్లీ కాగితం చూసి వాయించాల్సి వస్తుంది. కొందరికి కొన్ని దేశాల సంగీతం మీద పట్టు ఎక్కువ. రేపటి మ్యూజిక్ డైరెక్టర్ ఎవరన్నది పరీక్షించుకునే మార్గం కూడా ఇదే. నష్టాలూ ఉన్నాయి. వారానికొక అతిథి వస్తూ పోతూ ఉంటే బృందం లోపాలను పట్టించుకుని ఏళ్ల తరబడి సరిదిద్దే మనిషి కరువవుతారు. సాధనకు వేళ తక్కువ కాబట్టి అందరికీ తెలిసిన రచనలే మళ్లీ మళ్లీ కార్యక్రమంలోకి వస్తాయి.

ఈ వాదనకు పెద్ద మినహాయింపు వియన్నా ఫిల్‌హార్మోనిక్. 1842లో మొదలైన ఆ బృందానికి 1933 నుంచి సొంత కండక్టర్ లేరు, అందరూ అతిథులే. అక్కడ పెత్తనం వాద్యకారులదే, తరాల నుంచి వస్తున్న నాదం కూడా వారి సొంతమే. ఇంకా ముందుకెళ్లి కండక్టరే వద్దన్నవారూ ఉన్నారు. 1922లో మాస్కోలో మొదలైన పెర్సిమ్‌ఫాన్స్ పదేళ్లు అలాగే నడిచింది. న్యూయార్క్‌లో 1972లో పుట్టిన ఆర్ఫియస్ ఇప్పటికీ అలాగే వాయిస్తోంది. ఆర్ఫియస్ చిన్న బృందం, ఒకరి చూపు ఇంకొకరికి అందే దూరం. పెర్సిమ్‌ఫాన్స్ పెద్దది, అందుకే రిహార్సల్స్‌కు విపరీతమైన సమయం పట్టేది. కండక్టర్‌ను తీసేస్తే ఆ పని మాయం కాదు, వాద్యకారుల మధ్య పంచుకోవాల్సి వస్తుంది.

‘జాతీయ’ ఆర్కెస్ట్రా ఎవరి డబ్బుతో?

దేశం పేరుతోనో, దేశమంతటి కోసమో నడిచే బృందాలను చూడండి. అమెరికా నేషనల్ సింఫనీ 1931 నాటిది. జపాన్‌లో ప్రసార సంస్థ అండతో నడిచే ఎన్‌హెచ్‌కే సింఫనీ 1926లో మొదలైంది. చైనా జాతీయ సింఫనీ 1956లో. ఎక్కడైనా టికెట్ల డబ్బు ఇంతమంది జీతాలకు చాలదు. ప్రభుత్వమో, ప్రసార సంస్థో, దాతలో వెనక ఉండాల్సిందే.

మన దేశంలో ‘జాతీయ వాద్యబృందం’ అన్న పేరు ముందుగా ఆకాశవాణికి చెందింది. 1952లో ఢిల్లీలో రవిశంకర్ సారథ్యంలో వాద్యవృంద మొదలైంది. తర్వాతి కాలంలో ద్రాక్షారామానికి చెందిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి దాన్ని నడిపించారు. వీణ, సితార్, వేణువు, వయొలిన్ కలిపి రాగాల మీద అల్లిన ఆ రచనలు మన సొంత ప్రయోగం. దాని గురించి ఇవాళ ఇంత తక్కువ మాట్లాడుకోవడం బాధాకరం.

పాశ్చాత్య పద్ధతిలో వృత్తిగా నడిచే సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006లో ముంబయిలో పుట్టింది. ఎన్‌సీపీఏ అనే కళా సంస్థ అధ్యక్షుడు ఖుష్రూ సుంతూక్, కజకిస్తాన్ వయొలిన్ విద్వాంసుడు మరాత్ బిసెన్‌గలియేవ్ దాన్ని నిలబెట్టారు. మొదటి నుంచీ విదేశీ వాద్యకారులు ఎక్కువ, భారతీయులు తక్కువ. కచేరీలు ఏడాది పొడవునా కాక కొన్ని వారాల సీజన్లుగా జరుగుతాయి, అతిథి కండక్టర్లు వచ్చి నడుపుతారు. 2019లో బ్రిటన్ పర్యటనలో మార్టిన్ బ్రాబిన్స్ నడిపిన కచేరీల్లో జాకిర్ హుస్సేన్ తన ‘పేష్కార్’ తబలా కాన్సర్టో (తబలా ప్రధానంగా, ఆర్కెస్ట్రా తోడుగా సాగే రచన) వాయించారు. 2023 ఆగస్టులో మెహతా స్వయంగా వచ్చి ఈ బృందాన్ని నడిపారు. తబలా కాన్సర్టో లాంటి రచనలో కండక్టర్ పని రెట్టింపు. తబలా వైపు మనోధర్మం, ఆర్కెస్ట్రా వైపు కదలని కాగితం. ఈ రెండూ కలిసే చోట లెక్క తప్పకుండా చూడాల్సింది ఆ ఒక్క మనిషే.

ఉమ్మడి చిత్తూరు జిల్లాకు పాత పరిచయమే

తిరుపతి 2022 వరకు చిత్తూరు జిల్లాలోనే ఉండేది. తిరుత్తణి కూడా 1960 ఏప్రిల్ వరకు ఆ జిల్లాలోదే. ముత్తుస్వామి దీక్షితులు తొలి కృతి పలికింది అక్కడే. మద్రాసు పరిసరాల్లో ఇంగ్లిష్ బ్యాండు విన్న ఆ దీక్షితులే ఆ వరుసలకు సంస్కృత సాహిత్యం రాశారు. అవే నోట్టుస్వరాలు. అన్నీ శంకరాభరణంలోనే ఉంటాయి, పాశ్చాత్యుల మేజర్ స్కేలుకు దగ్గరి రాగం అదే కనుక. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్ నేర్చి కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు.

రెండో మలుపు మదనపల్లెది. 1919 ఫిబ్రవరిలో బీసెంట్ థియొసాఫికల్ కళాశాలలో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమన పాడారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతం చదివిన మనిషి. ఆమె ఆ వరుసను స్వరలిపిలో పెట్టారు. 1947లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశం సందర్భంగా జాతీయగీతం అడిగితే మన ప్రతినిధులు తమ దగ్గరున్న జనగణమన రికార్డునే అక్కడి ఆర్కెస్ట్రాకు ఇచ్చారని నెహ్రూ మరుసటి ఏడాది చెప్పారు. తర్వాత బ్రిటిష్ స్వరకర్త హెర్బర్ట్ మురిల్ దానికి వాద్యబృందం కోసం కూర్పు చేశారు. పాట కాగితం మీదికి ఎక్కితేనే ఎక్కడి బృందమైనా వాయించగలదన్నది ఆ ఉమ్మడి జిల్లా చరిత్రలోనే ఉంది.

తిరుపతిలో నిలుస్తుందా?

తిరుపతిలో ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది, వయొలిన్ నేర్చుకునే పిల్లలున్నారు. కానీ ఆ వయొలిన్ విద్యార్థిని నేరుగా సింఫనీ కుర్చీలో కూర్చోబెట్టలేం. మన విద్వాంసుడు నేల మీద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి, తీగలను షడ్జమ పంచమాలకు శ్రుతి చేసుకుంటాడు. అక్కడ కుర్చీ, గడ్డం కింద వాద్యం, నాలుగు తీగలకు నాలుగు స్థిరమైన స్వరాలు. మన ఎడమ చేయి గమకం కోసం తీగ మీద జారుతుంది, అక్కడ ఎక్కడి స్వరం అక్కడే నిలబడి కొద్దిగా కంపిస్తుంది. తోడి గాంధారాన్ని పదహారు వయొలిన్లకు ఇస్తే ఎంత ఊపాలి, ఎన్నిసార్లు ఊపాలి అన్నది ముందే తేల్చి రాయాలి. అది తేల్చకుండా అన్నమయ్య కీర్తన కింద పాశ్చాత్య స్వరసమూహాలు పేర్చితే రాగం చచ్చిపోతుంది. ఈ జాగ్రత్త లేని ప్రయోగాలు రెండు సంగీతాలకూ అన్యాయమే చేస్తాయి.

హాలు మరో సమస్య. మహతి, అన్నమాచార్య కళామందిరం లాంటి వేదికల్లో కచేరీలు మైకుల మీద నడుస్తాయి. సింఫనీకి మైకు ఉండదు. మంచి సింఫనీ హాళ్లలో మోత ఆగాక నాదం రెండు సెకన్ల దాకా నిలుస్తుంది. ఉపన్యాసాలకు అంత నిలిస్తే మాట అర్థం కాదు, అందుకే మన సభాభవనాలు అలా కట్టరు. వాద్యకారుడికి సగటున రెండు చదరపు మీటర్లనుకున్నా ఎనభై మందికి 160 చదరపు మీటర్ల వేదిక కావాలి.

జీతాల విషయంలో మాత్రం తిరుపతికి ఒక అనుకూలత ఉంది. వాద్యకారులను ఉద్యోగులుగా పెట్టుకుని నిత్యసేవలో మంగళవాద్యం మోగించే సంప్రదాయం ఆలయానిది. నాదస్వరం, డోలు నేర్పే పాఠశాలనూ దేవస్థానమే నడుపుతోంది. కళాకారుడిని పూటకింతని కాక నెలనెలా పోషించడం ఎలాగో తెలిసిన ఊరిది. సింఫనీకి కావలసిన ఆర్థిక వ్యవస్థ మూలంలో ఇదే.

కాబట్టి పెద్ద బృందాన్ని ఒక సాయంత్రానికి రప్పిస్తే ఆసక్తి కలుగుతుంది తప్ప మర్నాటికి ఊళ్లో ఏమీ మిగలదు. పన్నెండు పదిహేను మంది తీగవాద్య విద్యార్థులతో చిన్న బృందం మొదలుపెడితే ఇప్పుడున్న వేదికలే చాలు, ట్రంపెట్లూ టింపనీ ఖర్చూ ఉండదు. వయోలా, చెల్లో నేర్పేవారిని చెన్నై నుంచి పిలవవచ్చు. అతిథి కండక్టర్‌కు ఇచ్చే వారంలో ఆరు రోజులు ఆ పిల్లలకు స్వరలిపి చదవడం, ఒకే దిక్కుకు కమాను నడపడం, చేయి చూసి ఎత్తుకోవడం నేర్పించి ఏడో రోజున కచేరీ పెట్టవచ్చు. మొదటి కార్యక్రమానికి దీక్షితుల నోట్టుస్వరాలు సరిగ్గా సరిపోతాయి. శంకరాభరణం పిల్లల చేతికి ముందే వచ్చి ఉంటుంది, ఆ వరుసలు మనకు వచ్చింది కూడా బ్యాండు నుంచే.